తొరూన్‌ను ఒక్క రోజులో నడిచి చూడాలంటే నది వైపు నుంచి మొదలుపెట్టండి

మీరు వార్సాలో చదువుకుంటున్నారు. సెప్టెంబరులో అమ్మానాన్న వస్తున్నారు, వాళ్ళని ఒక రోజు తొరూన్ తీసుకెళ్ళి నడిపించి చూపించాలి. నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు, అమ్మగారు శాకాహారి. స్టేషన్‌లో దిగి టాక్సీలో నేరుగా ఊరి మధ్య చౌకుకి వెళ్ళిపోవడం మంచిదా, లేక నడక ఇంకెక్కణ్ణించైనా మొదలుపెట్టాలా అన్నది మీ ప్రశ్న.

చౌకుకి నేరుగా వెళ్ళకండి. తొరూన్ చూసొచ్చి "రెండు గంటల్లో అయిపోయింది, చిన్న ఊరు" అనేవాళ్ళలో ఎక్కువమంది చేసేది అదే. టౌన్‌హాల్, కోపర్నికస్ విగ్రహం, ఓ పాకెట్ అల్లం రొట్టెలు, తిరుగు రైలు. ఈ ఊరు విస్తులా నది మీద రేవుగా పుట్టింది, రేవుగా సంపాదించింది. కోటగోడలో ద్వారాలు ఎక్కడున్నాయి, వీధులు ఎటు వాలుతున్నాయి, ఇళ్ళ పై అంతస్తులకి అంత చిన్న కిటికీలు ఎందుకు, చర్చి గడియారం ఊరికి వీపు పెట్టి ఎటో ఎందుకు చూస్తోంది, వీటన్నిటికీ సమాధానం నీళ్ళలో ఉంది. అవతలి గట్టు మీద నిలబడి ఊరిని ఒకసారి మొత్తంగా చూసి, ఆ తరవాత రేవు ద్వారం గుండా లోపలికి నడిస్తే అదే ఊరు రోజంతా సరిపోతుంది.

మీ రైలు కూడా దీనికి కలిసొస్తుంది. వార్సా నుంచి కుత్నో, వ్వొత్స్వావెక్ మీదుగా వచ్చే రైళ్ళు తొరూన్ గ్వూవ్నిలో, అంటే ప్రధాన స్టేషన్‌లో ఆగుతాయి. అది నదికి ఎడమ గట్టున ఉంది, పాత ఊరు కుడి గట్టున. ప్రయాణం రెండున్నర నుంచి మూడు గంటలు. మీకు 26 ఏళ్ళు నిండకపోయి, పోలిష్ యూనివర్సిటీ గుర్తింపు కార్డు ఉంటే టికెట్‌లో 51 శాతం తగ్గుతుంది. కార్డు చేతిలో ఉండాలి, లేకపోతే టీటీ ఆ తగ్గింపు ఒప్పుకోడు. అమ్మానాన్నల్లో ఎవరికైనా 60 దాటితే పోలండ్ రైల్వే సంస్థ పీకేపీ ఇంటర్‌సిటీ రైళ్ళలో సీనియర్ టికెట్ మీద 30 శాతం తగ్గుతుంది. వయసు చూపించడానికి పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోమనండి. తొరూన్ మియాస్తో అని ఇంకో స్టేషన్ ఉంది, పాత ఊరికి ఆనుకొనే. పేరు చూసి అక్కడికి టికెట్ తీసుకోవాలనిపిస్తుంది. కానీ అది రైలు వంతెన దాటాక వచ్చే చిన్న స్టేషన్, మీరొచ్చే దారిలో పడదు.

స్టేషన్ నుంచి బయటికొచ్చి పిల్సూద్‌స్కి పేరు పెట్టిన రోడ్డు వంతెన వైపు నడవండి. నదికి చేరకముందే ఎడమ గట్టున దిబూవ్ కోట శిథిలాలున్నాయి. రాజు వ్వాదిస్వావ్ యగియెవ్వో 1420లలో కట్టించింది. అవతలి గట్టు అప్పుడు ట్యుటోనిక్ యోధుల, అంటే జర్మన్ క్రైస్తవ సైనిక సంఘం చేతిలో ఉండేది. పోలండ్ రాజు సరిగ్గా వాళ్ళ ఎదురుగా కోట కట్టుకున్నాడు. గోడలే మిగిలాయి కాబట్టి ఎక్కువసేపు అక్కర్లేదు, కానీ నది ఒకప్పుడు రెండు రాజ్యాల సరిహద్దని మనసులో పెట్టుకుంటే తరవాత చూసేవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

వంతెన ముందు విస్తులా చిన్న పాయని దాటుతుంది, తరవాత కెంపా బజరోవా అనే లంక వస్తుంది, ఆ తరవాత అసలు నది. లంక మీదికి రాగానే కుడివైపు కిందికి దిగే దారి పట్టుకోండి. వరద అడవి గుండా కొంచెం నడిస్తే నది ఒడ్డున చూడ్డానికి కట్టిన వేదిక వస్తుంది. సరిగ్గా ఎదురుగా పాత ఊరు. ఎడమ చివర వాలిన బురుజు వైపు కోటగోడ, మధ్యలో కెథెడ్రల్ బరువైన చదరపు గోపురం, దాని వెనక టౌన్‌హాల్ బురుజు, కుడివైపు యోధుల కోట శిథిలం. మీరు దక్షిణం నుంచి ఉత్తరానికి చూస్తుంటారు కాబట్టి ఎండ దాదాపు రోజంతా మీ వీపు వైపే ఉంటుంది, ఇటుక ఎర్రగా వెలుగుతుంది. ఫొటో కోసం సాయంత్రం దాకా ఆగాల్సిన పని లేదు. ఈ లంకలో పాప్లర్ చెట్లు, విల్లోలు పెరిగే రక్షిత అడవి ఉంది, వేసవి చివర్లో దోమలు గట్టిగానే ఉంటాయి. పూర్తి చేతుల చొక్కా వేసుకోండి.

నాన్నగారి సంగతి ఇక్కడే తేల్చుకోవాలి. స్టేషన్ నుంచి వేదిక మీదుగా వంతెన దాటి కుడి గట్టుకి చేరేసరికి మూడు కిలోమీటర్ల లోపే, దాదాపు అంతా చదును. ఆ తరవాత ఊళ్ళో తిరిగేది మరో మూడు నాలుగు కిలోమీటర్లు. మొత్తం ఆరేడు కిలోమీటర్లు, మధ్యలో కూర్చోవడాలతో. అది కష్టమనిపిస్తే స్టేషన్ దగ్గర సిటీ బస్సెక్కి వంతెన దాటగానే రపాత్స్కియెగో కూడలిలో దిగి, నేరుగా నది గట్టుకి రండి. అవతలి గట్టు దృశ్యం మాత్రం వదులుకోకండి. సాయంత్రం తిరిగి స్టేషన్‌కి వెళ్ళేటప్పుడు వంతెన మీంచి చూడొచ్చు. వంతెనకి పాదచారుల దారి విడిగా ఉంది. గాలి మాత్రం ఊళ్ళో లేని రోజున కూడా అక్కడ ఉంటుంది. చెవులు కప్పే టోపీ ఒకటి అమ్మగారి సంచిలో పెట్టండి. బస్సులో కాగితం టికెట్ కొంటే ఎక్కగానే మెషీన్‌లో ముద్ర వేయించాలి. జేబులో టికెట్ ఉండి ముద్ర లేకపోయినా జరిమానాయే.

కుడి గట్టున నది వెంట సాగే దారి పేరు ఫిలదెల్ఫియా బుల్వార్. అమెరికాలోని ఫిలడెల్ఫియా ఈ ఊరికి సోదర నగరం. నదిని కుడిచేతి వైపు పెట్టుకొని తూర్పుకి నడిస్తే ఎడమవైపు కోటగోడలో మూడు ద్వారాలు వరుసగా వస్తాయి. మొదటిది క్లష్తోర్నా, మఠం ద్వారం. మూడింటిలో పాత గోథిక్ రూపం బాగా నిలిచింది దీనికే. రెండోది జెగ్లార్‌స్కా, నావికుల ద్వారం. రాజులు ఊళ్ళోకి వచ్చినప్పుడు ఊరేగింపు దీని గుండానే సాగేది. మూడోది మొస్తోవా, వంతెన ద్వారం. 1432లో కట్టినప్పుడు దీని ముందు వంతెన లేదు, బల్లకట్టు ఉండేది. విస్తులా దిగువ భాగం మీద మొట్టమొదటి శాశ్వతమైన కొయ్య వంతెన ఇక్కడ 1500 ప్రాంతంలో పూర్తయింది. మొస్తోవా ద్వారం గోడ మీద పాత వరదల మట్టాలు చూపే గుర్తులున్నాయి. ఈ ఊరికీ నదికీ ఉన్న సంబంధం ఒక్క చోట చూడాలంటే ఆ గోడే. గోదావరి గట్టు మీద పెరిగినవాళ్ళకి వరద గుర్తు ఎలా చదవాలో చెప్పక్కర్లేదు. అయితే ఈ ద్వారాన్ని తిరుగు దారికి ఉంచుకోండి, ఇప్పుడు రెండో ద్వారం దగ్గర ఆగండి.

జెగ్లార్‌స్కా ద్వారం బయట నిలబడి తలెత్తండి. కెథెడ్రల్ గోపురం మీద నది వైపు ఒక పెద్ద గడియారం, దానికి ఒకటే ముల్లు. 15వ శతాబ్దానిది. ఊళ్ళోవాళ్ళ కోసం పెట్టింది కాదు, నది మీద తెప్పల మీద వచ్చేవాళ్ళకి కనబడాలని పెట్టింది. నిమిషాల ముల్లు వాళ్ళకి అవసరం లేదు, ఏ గంట నడుస్తోందో తెలిస్తే చాలు. ఎగువ నుంచి ధాన్యం, కలప తెప్పల మీద సముద్రపు రేవు గ్దాన్‌స్క్ వైపు దిగేవి. 15వ శతాబ్దం మొదట్లో తొరూన్‌కి ఒక హక్కు దక్కింది. ఈ దారిన పోయే వర్తకులు సరుకు ఇక్కడ దించి, ఊళ్ళోవాళ్ళకి అమ్మకానికి పెట్టాలి. ఊరికి ఇంత ఇటుక ఎలా వచ్చిందో ఆ ఒక్క హక్కు చాలావరకు చెబుతుంది. ఇటుకే ఎందుకంటే, ఈ మైదానంలో కొట్టుకునే రాయి లేదు, బంకమన్ను దండిగా ఉంది. పునాదుల్లో అక్కడక్కడా కనిపించే గుండ్రటి గ్రానైట్ బండలు మంచుయుగంలో హిమానీనదాలు దొర్లించుకొచ్చినవి.

లోపలికి వచ్చాక కొద్ది అడుగుల్లోనే సెయింట్ జాన్స్ కెథెడ్రల్. గోపురంలో తూబా దెయి అనే గంట ఉంది, 1500లో పోతపోసింది, బరువు 7 టన్నులకి పైనే. పెద్ద పండగలకే మోగిస్తారు. కోపర్నికస్‌కి బాప్తిస్మం ఇచ్చారని చెప్పే తొట్టి లోపల ఉంది, దాని దగ్గర ఆయన స్మారక చిత్రం కూడా. ప్రార్థన జరుగుతున్నప్పుడు పర్యాటకులు లోపల తిరగకూడదు. ఆదివారం వస్తే ఉదయమంతా ఇలాగే పోతుంది కాబట్టి చర్చిలని మధ్యాహ్నానికి జరపండి. గోపురం ఎక్కే వీలుంటుంది గానీ నాన్నగారి చేత ఎక్కించకండి. లిఫ్ట్ లేదు, మెట్లు నిటారు, దిగడం ఎక్కడం కన్నా కష్టం.

కెథెడ్రల్ పక్కనుంచి పడమటికి తిరిగితే కొపెర్నికా వీధి. 15, 17 నంబర్ల ఇళ్ళు కోపర్నికస్ ఇల్లు పేరుతో మ్యూజియంగా ఉన్నాయి. ఆయన 1473 ఫిబ్రవరి 19న ఈ ఊళ్ళో పుట్టాడు. తండ్రి క్రాకువ్ నుంచి వచ్చి స్థిరపడ్డ వర్తకుడు, రాగి వ్యాపారం చేసినవాడు. పుట్టింది ఈ ఇంట్లోనా లేక కుటుంబానికే చెందిన పాత చౌకు 36వ నంబరు ఇంట్లోనా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తేలలేదు. దాని కోసం కాదు, ఇంటి కోసం లోపలికి వెళ్ళమంటాను. మధ్యయుగపు వర్తకుడి ఇల్లు ఎలా పనిచేసేదో ఇక్కడ కళ్ళకి కడుతుంది. కింద బండి లోపలికి వచ్చేంత ఎత్తైన హాలు, అక్కడ బేరాలు. వెనక సంసారం. పై అంతస్తులన్నీ సరుకు గాదె. కప్పు కింద కప్పీ వేసి మూటలు పైకి లాగేవాళ్ళు, అందుకే పై కిటికీలు చిన్నవి. ఇది ఒకసారి చూశాక పక్క వీధుల్లో ఇళ్ళని మీరే చదువుకోగలరు. పియెకారి, రబియాన్‌స్కా వీధుల్లో విడిగా కట్టిన ధాన్యపు గిడ్డంగులు ఇంకా నిలబడి ఉన్నాయి. మ్యూజియంకి గంట, గంటన్నర పెట్టుకోండి.

అదే దిక్కులో నడిస్తే కోటగోడ పడమటి మూలలో వాలిన బురుజు వస్తుంది. ఎత్తు 15 మీటర్లు, నిట్టనిలువు నుంచి వాలింది దాదాపు 1.4 మీటర్లు. నిలువుగానే కట్టారు, కింద నేల కుంగి వాలింది. తరవాత లోపల అంతస్తులని మాత్రం మట్టంగా సరిచేసుకొని వాడుకున్నారు, ఒకప్పుడు ఆడవాళ్ళ జైలుగా కూడా. దాని గోడకి మడమలు, వీపు ఆనించి చేతులు ముందుకి చాచి నిలబడగలిగితే పాపం చేయనివాళ్ళని ఒక నమ్మకం, జనం వరసలో నిలబడి ప్రయత్నిస్తుంటారు. ఎవరూ ఎక్కువసేపు నిలవలేరు. గోడ మన వైపు వాలి ఉంది కాబట్టి నడుం పైభాగాన్ని ముందుకి నెడుతుంది, శరీరం బరువు కాలివేళ్ళు దాటి ముందుకి పడుతుంది. నాన్నగారు సరదాపడితే మీరు ఎదురుగా నిలబడి చేయి అందించండి. ముందుకి తూలినప్పుడు మోకాలి మీదే భారం పడుతుంది.

ఇప్పుడు పైకి, పాత చౌకుకి. పోలండ్‌లో ఈ సంత చౌకుని రినెక్ అంటారు, బోర్డుల మీద అదే ఉంటుంది. ఏటవాలు చాలా తక్కువ. ఇబ్బంది నున్నటి రాళ్ళు పరిచిన దారితో. చక్రాల సూట్‌కేసు ఈ రాళ్ళ మీద లాగితే చక్రం విరుగుతుంది, సన్నటి మడమ చెప్పులు సందుల్లో దిగబడతాయి. మెత్తటి మందపాటి అడుగున్న బూట్లు వేసుకోమనండి. వాన పడితే రాళ్ళు జారతాయి, అప్పుడు వీధి అంచున బండలు పరిచిన కాలిబాట మీదే నడవాలి.

చౌకు మధ్యలో ఉన్న పెద్ద ఇటుక కట్టడమే టౌన్‌హాల్. 14వ శతాబ్దం చివర్లో, విడివిడిగా ఉన్న బట్టల అంగళ్ళు, తూనికల గది, న్యాయస్థానం కలిపి ఒక్క భవనం చేశారు. ఏడాదిలో రోజులన్ని కిటికీలు, వారాలన్ని గదులు, నెలలన్ని హాళ్ళు ఉన్నాయని ఊళ్ళో చెప్పుకుంటారు. 1703లో స్వీడన్ సైన్యం ముట్టడిలో తగలబడింది. 1724లో మత ఘర్షణల తరవాత మేయర్ రోస్నర్‌తో పాటు మరికొందరికి ఇక్కడ మరణశిక్ష అమలు చేశారు, ఆ వార్తకి యూరప్ అంతా అట్టుడికింది. రాజు యాన్ ఒల్బ్రాఖ్త్ 1501లో ఈ భవనంలోనే చనిపోయాడు. లోపలి మ్యూజియంలో మధ్యయుగపు చెక్క శిల్పాలు, రంగుటద్దాలు బాగుంటాయి. బురుజు పైనుంచి చూపు సుమారు 40 మీటర్ల ఎత్తు నుంచి. ఎక్కేది మీరొక్కరే అయితే బాగుంటుంది. అమ్మానాన్నని ఎదురుగా ఉన్న కోపర్నికస్ విగ్రహం దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టండి. ఆ విగ్రహం 1853 నాటిది. పీఠం మీద లాటిన్‌లో, భూమిని కదిలించినవాడు, సూర్యుణ్ణీ ఆకాశాన్నీ నిలిపినవాడు అని రాసి ఉంది.

మ్యూజియంలు చాలావరకు సోమవారం మూసేస్తారు, టికెట్ అమ్మడం కూడా మూసే సమయానికి అరగంట ముందే ఆపేస్తారు. మీ వారం ఖాయం చేసుకునేటప్పుడు మొదట చూడాల్సింది ఇదే. ఆదివారం మ్యూజియంలు ఉంటాయి గానీ పెద్ద సూపర్‌మార్కెట్లు చట్టప్రకారం దాదాపు అన్ని ఆదివారాలూ మూసే ఉంటాయి, జాబ్కా లాంటి చిన్న కొట్లే దిక్కు. మొత్తం మీద మంగళవారం నుంచి శుక్రవారం మధ్య రోజు మేలు.

చౌకు పడమటి మూలలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. బయట నుంచి పెద్దగా ఆకట్టుకోదు, భిక్షువుల సంఘం కట్టింది కాబట్టి పెద్ద గోపురం కూడా లేదు. అందుకే చాలామంది దాటేస్తారు. లోపలికి వెళ్ళండి. కప్పు 27 మీటర్ల ఎత్తున ఉంది, అంత సన్నటి నడిమి భాగం మీద అంత ఎత్తు చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. రాజు మూడో సిగిస్మండ్ చెల్లెలు అన్నా వాసా సమాధి ఇక్కడ ఉంది. ఆమె లూథరన్, అంటే ప్రొటెస్టెంట్; రాజవంశం క్యాథలిక్. 1625లో చనిపోతే, క్రాకువ్‌లో రాజవంశీకుల మధ్య చోటు దొరకలేదు. పదకొండేళ్ళ తరవాత 1636లో, అప్పటికి లూథరన్ల చేతిలో ఉన్న ఈ చర్చిలో పూడ్చారు. నా మటుకు తొరూన్‌లో అన్నిటికన్నా మంచి గది ఇదే. టౌన్‌హాల్ మ్యూజియం వదిలేసైనా దీనికి ఇరవై నిమిషాలు ఇవ్వండి.

భోజనం. అమ్మగారికి అన్నిటికన్నా తేలిక బార్ మ్లెచ్‌నీ, అంటే పాల బార్ అని పిలిచే చవక భోజనశాల. పాత ఊళ్ళోనే ఉన్నాయి. ముందు గల్లా దగ్గర చెప్పి డబ్బు కట్టి చీటీ తీసుకోవాలి, చీటీ వంటింటి కిటికీలో ఇవ్వాలి, పిలిచినప్పుడు తెచ్చుకోవాలి, తిన్నాక పళ్ళెం మనమే కిటికీలో పెట్టాలి. బంగాళదుంప, జున్ను కూరిన పియెరోగి రుస్కియె, క్యాబేజీ పుట్టగొడుగుల పియెరోగి, బంగాళదుంప అట్లు ప్లాత్స్కి, తీపి జున్ను చుట్టిన నలెష్నికి శాకాహారమే. అయితే పియెరోగి మీద వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లడం మామూలు. కూరింది శాకాహారమని మెనూలో చదివి నిశ్చింతగా ఉంటే పళ్ళెం మీదికి అవి వచ్చేస్తాయి. ఆర్డర్ ఇచ్చేటప్పుడే "బెజ్ స్క్వారెక్" అనండి, వెన్నతో ఇమ్మనడానికి "జ్ మస్వెమ్" అనండి. జురెక్ అనే పులుపు సూప్‌లో సాసేజ్ ఉంటుంది. ఎర్రటి బీట్‌రూట్ బార్ష్చ్ చూడ్డానికి శాకాహారంలా ఉన్నా మాంసపు ఉడుకునీటితో చేస్తారు చాలాచోట్ల, కాబట్టి "బెజ్ మియెన్సా" అని రెండోసారి కూడా అడగాలి. రెస్టారెంట్లలో ముందుగా ఉచితంగా తెచ్చిపెట్టే రొట్టె పక్కన తెల్లటి ముద్ద ఉంటే అది వెన్న కాదు, స్మాలెత్స్, పంది కొవ్వు. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

టాయిలెట్ల సంగతి పెద్దవాళ్ళతో ముఖ్యం. తలుపు మీద త్రికోణం ఉంటే మగవాళ్ళకి, వృత్తం ఉంటే ఆడవాళ్ళకి. బయటివాటికి చిల్లర అడుగుతారు, రెండు మూడు జ్వోతీల నాణేలు జేబులో ఉంచుకోండి. మ్యూజియం టికెట్ కొన్నచోట అక్కడే పని కానిచ్చుకోవడం తెలివి.

తిన్నాక షెరోకా వీధి వెంట తూర్పుకి. ఇది అంగళ్ళ వీధి, బళ్ళు తిరగవు, కూర్చునే చోట్లు ఉన్నాయి. చౌకు మూలల్లో రెండు మూడు చిన్నవి చూసి వెళ్ళండి: తెప్పవాడు ఫిడేలు వాయిస్తూ ఊరిని పట్టిన కప్పల్ని తీసుకుపోయాడన్న కథ మీద 1914లో చేసిన ఫౌంటెన్, గొడుగు దగ్గర నిలబడ్డ కుక్క ఫిలుష్ బొమ్మ, వీపున పదునైన రేకున్న కంచు గాడిద. ఇలాంటి కొయ్య గాడిద మీద ఒకప్పుడు తప్పు చేసిన సైనికుల్ని శిక్షగా కూర్చోబెట్టేవాళ్ళు. పిల్లలు ఎక్కుతుంటారు గానీ అసలు సంగతి అదీ.

షెరోకా చివర దాటితే క్రులోవెయ్ యాద్విగి వీధి కొత్త ఊరికి తీసుకెళ్తుంది. కొత్త అంటే 1264. పాత ఊరికి 1233లో హక్కుపత్రం వస్తే, ఆ పక్కనే చేతిపనులవాళ్ళ కోసం ఇంకో ఊరు, దానికి వేరే చౌకు, వేరే గోడ. రెండూ 1454లో కలిశాయి. ఇక్కడి సెయింట్ జేమ్స్ చర్చి 1309లో మొదలైంది. గోడకి బయట నుంచి సగం కమానుల్లా ఆనించి ఇటుకతో కట్టిన ఎగిరే ఆనుగోడలు దాని ప్రత్యేకత, బయట నుంచి ఓసారి చుట్టూ తిరిగి చూస్తే చాలు. జనం తక్కువ, నాన్నగారు కాళ్ళు చాపుకొని టీ తాగడానికి పాత చౌకు కన్నా ఇక్కడి చౌకు హాయి.

వెనక్కి వచ్చేటప్పుడు షెరోకా పట్టుకోకండి, దక్షిణానికి పొద్‌ముర్నా వీధిలోకి తిరగండి. పాత ఊరి తూర్పు గోడ వెంట సాగే సన్నటి వీధి ఇది. గోడ, బురుజులు ఇళ్ళలో కలిసిపోయి కనిపిస్తాయి. దాని చివర ట్యుటోనిక్ యోధుల కోట. రెండు ఊళ్ళ మధ్య, నది పక్కన, రెండిటి మీదా కన్నేసి ఉండేలా కట్టింది. 1454 ఫిబ్రవరిలో ఊరివాళ్ళు తిరగబడి కోటని పట్టుకున్నారు, మళ్ళీ యోధులు తిరిగి రాకుండా కూల్చేశారు. దాంతో మొదలైన పదమూడేళ్ళ యుద్ధం 1466లో ఇదే ఊళ్ళో కుదిరిన సంధితో ముగిసింది. కూల్చిన చోటు ఆ తరవాత శతాబ్దాల పాటు చెత్త పోసే దిబ్బగా ఉంది, 20వ శతాబ్దంలోనే తవ్వి తీశారు. చెక్కుచెదరకుండా నిలిచింది ఒక్కటే, గ్దనిస్కో అనే మరుగుదొడ్డి బురుజు. కోట నుంచి కమానుల మీదుగా నడవా వేసి, కింద వాగు పారేలా కట్టారు. నీళ్ళే శుభ్రం చేసుకుపోతాయి. టికెట్ కొని లోపలికి వెళ్తే నేలమాళిగలున్నాయి, మెట్లు ఎగుడుదిగుడు. మోకాళ్ళు అప్పటికే అలిసిపోతే బయట నుంచి గ్దనిస్కో చూసి కదలండి, పెద్దగా పోయేదేమీ లేదు.

అక్కణ్ణించి మొస్తోవా ద్వారం కొద్ది దూరమే. వరద గుర్తులు చూసి గట్టు మీదికి దిగండి. ఈ వేళకి అమ్మానాన్న అలిసి ఉంటారు, గట్టు మెట్ల మీద కూర్చోవచ్చు.

అల్లం రొట్టె, పియెర్నిక్, గురించి అడగలేదు గానీ అమ్మగారు తప్పకుండా అడుగుతారు. తేనె, పిండి, అల్లం, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, మిరియాలు కలిపి చేసేది. ఆ మిరియాలు ఒకప్పుడు మన మలబారు తీరం నుంచి చేతులు మారుతూ బయల్దేరి, రేవుల మీదుగా ఇక్కడి దాకా వచ్చేవి. రెండు మ్యూజియంలున్నాయి, జనం గందరగోళపడతారు. స్త్రుమికోవా వీధిలోది పాత వీజె కంపెనీ ఫ్యాక్టరీ భవనంలో ఉన్న ప్రభుత్వ మ్యూజియం, అచ్చులు, చరిత్ర అక్కడ బాగుంటాయి. రబియాన్‌స్కా వీధిలోది జివె అనే పేరున్నది, అక్కడ పిండి కలిపి అచ్చులో నొక్కి కాల్చే ప్రదర్శన. దానికి గంటల ప్రకారం బృందాలు, ఇంగ్లీషు బృందం కొన్ని వేళల్లోనే. ముందుగా బుక్ చేసుకోకపోతే పోలిష్ బృందంలో కూర్చోవాలి. అక్కడ చేసిన అచ్చుబొమ్మ రొట్టె గట్టిగా ఉంటుంది, అలంకారానికి. కొరికి పళ్ళు నొప్పి పెట్టించుకోకండి. తినడానికి కొట్లో మెత్తటి కతజింకి కొనండి, ఆరు గుండ్రాలు అతికినట్టుండే ఆకారంలో వస్తాయి. అమ్మగారు గుడ్డు తినకపోతే పాకెట్ వెనక "యాయా" అన్న మాట ఉందేమో చూడండి. గాలి తగిలితే గట్టిపడతాయి, మూసిన డబ్బాలో పెడితే వారాలు నిలుస్తాయి, ఇంటికి పట్టుకెళ్ళడానికి చాక్లెట్ పూత లేనివి మేలు.

వార్సా నుంచి వచ్చేవాళ్ళకి ఒక మాట అమ్మానాన్నకి చెప్పండి. వార్సా పాత ఊరు రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమై మళ్ళీ కట్టింది. తొరూన్ ఆ యుద్ధంలో కూలలేదు. ఇక్కడ తాకే ఇటుక చాలాచోట్ల అప్పటిదే, 1997లో యునెస్కో జాబితాలో చేరడానికి అదొక కారణం.

తిరుగు ప్రయాణానికి ఒక్కటే జాగ్రత్త. సెప్టెంబరు మధ్యలో సూర్యుడు సాయంత్రం ఏడు గంటల ప్రాంతంలో కుంకుతాడు, ఆ తరవాత గోడలకి దీపాలు వేస్తారు, చూసి వెళ్దామనిపిస్తుంది. చూడండి, కానీ రైలు ఎక్కేది గ్వూవ్ని నుంచి, నదికి అవతల. పాత చౌకు నుంచి నడిస్తే పెద్దవాళ్ళ అడుగుకి నలభై ఐదు నిమిషాలు. బస్సు అయితే రపాత్స్కియెగో కూడలిలో ఎక్కాలి, వంతెన మీద ట్రాఫిక్ ఉంటే అదీ ఆలస్యమే. ట్రాములు నది దాటవు, ట్రామ్ కోసం నిలబడకండి. రైలుకి గంట ముందు చౌకు వదలండి. ఆఖరి రైలుకి కాకుండా దాని ముందుదానికి టికెట్ తీసుకుంటే, ఏదైనా తేడా వచ్చినా ఆ రాత్రికే వార్సా చేరతారు.